మూతి పట్టేవాడు

సుభానీ గోతాం మూతి పట్టుకున్నాడు గాని, పట్టుకున్నట్టు లేదు.

"బిగించి పట్టవయ్యా. అది గోతాం మూతి, కోడిపిల్ల మెడ కాదు," అన్నాడు మాబు సాహెబ్.

"పట్టుకునే ఉన్నాగా. నువ్వు లాగంగానే జారిపోతంది."

"నే లాగేముందు నువ్వు చెప్పాల."

"ఏం చెప్పాల?"

మాబు సాహెబ్ దబ్బనాన్ని మూతికి అడ్డంగా గుచ్చి, అవతలికి వచ్చిన మొనను పట్టి, పురికొస లాగాడు. కుట్టు వదులుగా పడింది. విప్పి మళ్ళీ వేశాడు. మళ్ళీ వదులే. ఈసారి విప్పలేదు.

గరువుపాలెం కళ్ళాల్లో మిరపకాయలు తొక్కి నింపిన గోతాన్ని టిక్కీ అంటారు. టిక్కీ కుట్టడం ఇద్దరి పని. కాయ తొక్కినవాడే గోతాంలోంచి దిగి, రెండంచులూ కలిపి లోపలికి మడిచి, పిడికిళ్ళతో బిగబడతాడు. బిగువు అందగానే 'ఊఁ' అంటాడు. ఆ ఊఁ మీద కుట్టేవాడు కొస లాగాలి. ముందు లాగితే కుట్టు వదులవుతుంది. ఆలస్యమైతే పట్టినవాడి చెయ్యి సడలుతుంది. పద్దెనిమిది పంటలు మాబు సాహెబ్ కొమ్ము యేసుపాదం అన్న ఊఁ మీదనే లాగాడు. కళ్ళెత్తి చూడాల్సిన పని ఉండేది కాదు. యేసుపాదం ఈ కళ్ళంలో అడుగుపెట్టక మూడేళ్ళయింది.

కట్ట మీద మోటారు సైకిలు ఆగింది. కానిస్టేబుల్ దిగి, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, పరిచిన కాయల అంచు వెంబడి జాగ్రత్తగా నడిచి వచ్చాడు.

"షేక్ మాబు సాహెబ్ ఎవరయ్యా?"

తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు చేతులాపారు. వాళ్ళలో మాబు సాహెబ్ భార్య నసీమున్నీసా కూడా ఉంది.

"నేనేనండి."

"ఎల్లుండి కోర్టుకి రావాల. పదింటికల్లా ఉండు. సాక్షివి. ఇక్కడ సంతకం పెట్టు."

మాబు సాహెబ్ చేతులు లుంగీకి తుడుచుకుని కలం అందుకున్నాడు. కాగితాన్ని ఎండకి ఎదురుగా పట్టి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటూ చదవసాగాడు. నాలుగో తరగతి చదువు. రెండువేల సంవత్సరం, మార్చి నెల, ముద్దాయి కొమ్ము యేసుపాదం, రెండు మిరప టిక్కీల దొంగతనం.

"చదివేదేముంది? వచ్చినట్టు పెట్టు," అన్నాడు కానిస్టేబుల్.

కళ్ళం చివర నులకమంచం మీద కూర్చున్న ఆసామి యలమందయ్య నవ్వాడు. "ఆ రోజున చదవకుండా పెట్టాడు, ఇయ్యాల చదివి పెడతన్నాడు. పెట్టరా మాబూ. ఆయనకి ఇంకా నాలుగూళ్ళు తిరిగే పనుంది."

మాబు సాహెబ్ సంతకం పెట్టాడు. వేలికున్న కారం కాగితం మీద ఎర్రటి చారగా పడింది. కానిస్టేబుల్ దాన్ని దులిపి తుమ్మాడు.

"రేపు పొద్దుగూకే వేళకి ఇంటికి రా," అన్నాడు యలమందయ్య. "నాలుగు ముక్కలు అనుకుందాం."

దబ్బనం మళ్ళీ చేతికి తీసుకున్నాక అది ఎటు గుచ్చుతున్నాడో మాబు సాహెబ్‌కి తెలియలేదు. సుభానీ బొటనవేలి మీద రక్తం బొట్టు లేచింది. కారం చేతుల్తో ఉన్నాడేమో, సుభానీ వేలు నోట్లో పెట్టుకుని కళ్ళంలోనే గంతులేశాడు. ఆడవాళ్ళు నవ్వారు. నసీమున్నీసా మాత్రం మొగుడి చేతులకేసి చూస్తోంది.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కున్నాక ఆమె అన్నం పెట్టింది. గోంగూర, ఉల్లిపాయ. మాబు సాహెబ్ ముద్ద కలిపాడు. కలిపిన ముద్దనే మళ్ళీ కలిపాడు.

"ఆ రోజు ఏం సంతకమయ్యా అది?" అందామె.

"పంచనామా. సరుకు దొరికినప్పుడు నేను చూశానని."

"చూశావా?"

కంచం పక్కకు జరిపాడు. వాకిట్లో పక్కింటి మేక దడి మీది ఆకులు లాగుతోంది. దాన్ని అదిలించడానికి లేచి, అదిలించి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు.

"పొద్దున యేసుపాదాన్ని జీపెక్కించారు గదా. టిక్కీ తొక్కుతుంటే దింపి తీసుకుపోయారు. కాళ్ళు కూడా కడుక్కోనీలా. మధ్యాహ్నం యలమందయ్యగారు నన్ను గొడ్ల చావిడిలోకి పిలిచాడు. అక్కడ రెండు గోతాలు నింపి పెట్టున్నాయి. కుట్టమన్నాడు. మూతి ఎవరు పడతారండీ అన్నా. నువ్వే ఏదో ఒకటి చెయ్యరా అన్నాడు."

"ఏం చేశావు?"

"మోకాలితో అదిమిపెట్టి కుట్టా. సాయంత్రం పోలీసోళ్ళు జీపు ముందు రేకు మీద రెండు కాయితాలు పరిచి చూపించారు. యేసుపాదం ఇంటికాడ రెండు టిక్కీలు దొరికినై, సంతకం పెట్టు అన్నారు. పెట్టా. జీపులో వెనకమాల టిక్కీలు కనపడతన్నై. నా కుట్టు నాకు తెలవదా?"

నసీమున్నీసా దీపం వత్తి సవరించినట్టు కంచం అంచు తిప్పుతూ కూర్చుంది.

"మూడేళ్ళు," అంది చివరికి. "యేసుపాదం పెళ్ళాం కొండమ్మ నాతోపాటు పత్తికి వస్తది. ఒకే వరసలో తీస్తాం. ఆవిడ నీళ్ళ చెంబు నేను తాగుతా, నా చెంబు ఆవిడ తాగుద్ది. నాకన్నా చెప్పలా."

"చెప్తే నువ్వు తాగగలిగేదానివా?"

"అదీ నిజమే." ఆమె లేచింది. "కోర్టులో చెప్తే ఆ కళ్ళంలో మనల్ని కాలు పెట్టనియ్యడు."

"పెట్టనియ్యడు."

"చెప్పకపోతే నువ్వు అన్నం తినవు. రెండూ ఒకటే. తిను ముందు."

మర్నాడు పొద్దుగూకే వేళకి యలమందయ్య వసారాలో మాబు సాహెబ్ మెట్టు మీద కూర్చున్నాడు. యలమందయ్య భార్య వెంకటేశ్వరమ్మ గ్లాసులో టీ తెచ్చి ఇస్తూ, "నసీమున్నీసా ఒంట్లో బాగుంటందా?" అని అడిగింది. బాగుందమ్మా అన్నాడు. ఆరేళ్ళ కిందట నసీమున్నీసాకి కడుపులో గడ్డ పగిలినప్పుడు, యలమందయ్య కళ్ళంలో పని ఆపి, ట్రాక్టరు తొట్టిలో వరిగడ్డి వేయించి, ఆమెను పడుకోబెట్టి తనే తోలుకుంటూ చీరాల ఆస్పత్రికి చేర్చాడు. ఆ మాట ఆయన ఏనాడూ ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని మాబు సాహెబ్‌కి చాలాసార్లు అనిపించింది.

యలమందయ్య కళ్ళజోడు పెట్టుకుని మడతల కాగితం విప్పాడు.

"నే చదువుతా, నువ్వు అను. నేను చూస్తుండగా ముద్దాయి ఇంటి వెనక..."

"నేను చూస్తుండగా ముద్దాయి ఇంటి వెనక..."

"గడ్డివాము కింద నుంచి రెండు టిక్కీలు బయటకు తీశారు."

మాబు సాహెబ్ ఆగిపోయాడు.

"ఏరా?"

"గడ్డివాము ఎక్కడిదండీ? యేసుపాదానికి గొడ్డే లేదు గదా."

యలమందయ్య కాగితాన్ని కొంచెం దూరంగా పట్టి చూశాడు. ఆ సంగతి ఆయనకీ ఇప్పుడే తట్టినట్టుంది. "పోలీసాయన రాశాడు. అన్ని ఇళ్ళకీ ఉండేదే గదా అని రాసుంటాడు. ఉందనుకో. మూడేళ్ళ నాటి గడ్డివాము ఇప్పుడెవడు చూడొచ్చాడు?"

"అయ్యా, ఎందుకండీ వాడి మీద..."

"నోటిదూల మాబూ. మిర్చి యార్డులో నా సరుకు దగ్గర నిలబడి, తూకం కోసం అడుగున నీళ్ళు కొట్టారు, తడుందని బేరగాడికి చెప్తాడా? తొక్కినవాడు వాడు. తడి వాడి కాళ్ళకే తెలుసు. చెప్పాల్సింది నాకు చెప్పాల. ఊరికి చెప్పాడు." కళ్ళజోడు తీసి తువాలుతో తుడిచాడు. "నాలుగు రోజులు భయం చెప్పి వదిలేద్దామనుకున్నా. కాయితం కోర్టెక్కాక అది నా చేతిలో లేదు. నీ చేతిలోనూ లేదు. అను."

మాబు సాహెబ్ అన్నాడు. మూడుసార్లు అన్నాడు. గడ్డివాము దగ్గరికి వచ్చేసరికి మూడుసార్లూ నాలుక తడబడింది. టీ మీద మీగడ కట్టింది. తాగకుండానే గ్లాసు కడిగి బోర్లించి వచ్చాడు.

బోరింగు దగ్గర కొండమ్మ నీళ్ళు కొడుతోంది. పక్కకు తప్పుకుని పోబోయాడు.

"రేపు కోర్టుకి వస్తన్నావంటగా అన్నా," అంది చెయ్యి ఆపకుండానే.

"ఆఁ."

"మా ఆయన నీకేమీ చెప్పొద్దన్నాడు."

"ఏం చెప్పొద్దన్నాడు?"

"అదే, ఏమీ చెప్పొద్దన్నాడు. అందుకే చెప్పట్లా." బిందె నిండి పొర్లుతున్నా కొట్టడం ఆపలేదు. "ఈ కోర్టులకి తిరిగీ తిరిగీ ఆయనకి ఏ మేస్త్రీ పనియ్యట్లా. రైలు కట్ట పనికి పోతే, వాయిదా రోజు రాడని తీసేశారు. నిన్న కాళ్ళు చూసుకుంటా కూర్చున్నాడు. కారం మంట లేకపోతే కాళ్ళు తనవి కానట్టున్నాయంట. నవ్వుతా అన్నాడులే."

మాబు సాహెబ్ వంగి బిందె ఆమె నడుముకి ఎత్తాడు. ఏదో అనబోయాడు. ఆమె వినడానికి నిలబడలేదు.

కోర్టు వరండాలో జనం గోడలకు ఆనుకుని ఉన్నారు. యలమందయ్య తెల్లటి బట్టల్లో, ప్రభుత్వ ప్లీడరు గది ముందు బెంచీ మీద కూర్చుని, మాబు సాహెబ్‌కి పక్కన చోటు చూపించాడు. మాబు సాహెబ్ కూర్చున్నాడు, లేచాడు, మంచినీళ్ళ కుండ దాకా వెళ్ళాడు, నీళ్ళు తాగకుండా మెట్లు దిగాడు. చివరి మెట్టు మీద యేసుపాదం ఉన్నాడు. గడ్డం నెరిసింది. కారం ఎరుపు పోయి కాళ్ళు తెల్లగా ఉన్నాయి.

మూడేళ్ళలో వాళ్ళిద్దరూ ఒక్క మాట అనుకోలేదు. మాబు సాహెబ్ పక్క మెట్టు మీద కూర్చున్నాడు.

యేసుపాదం అతని చొక్కా కాలరు కేసి చూశాడు. "సూది తెచ్చావే?"

మాబు సాహెబ్ తడుముకున్నాడు. దబ్బనం కాలరుకి గుచ్చే ఉంది, కొస చుట్టతో సహా. "తియ్యడం మర్చిపోయా."

"పోలీసోళ్ళు చూస్తే మారణాయుధం అంటారు. గడ్డివాము కింద దొరికిందని రాస్తారు."

మాబు సాహెబ్‌కి నవ్వొచ్చి ఆగిపోయింది. "నీకెట్టా తెలుసు?"

"గవర్నమెంటిచ్చిన వకీలు చదివి చెప్పాడు. నాకు వాము ఉందని తెలిసి కొండమ్మ సంతోషపడింది." యేసుపాదం చెప్పు కింద చిన్న రాయిని అటూ ఇటూ దొర్లించాడు. "నువ్వు బోనెక్కే పన్లేదులే సాయిబూ. నేను ఒప్పుకుంటన్నా."

"ఏం ఒప్పుకుంటన్నావు?"

"దొంగతనం. ఒప్పుకుంటే ఏదో జుల్మానాతో ఇయ్యాల్టితో అయిపోద్దంట. లేకపోతే ఇంకా ఎన్నేళ్ళో."

"నువ్వు తియ్యలేదు గదరా."

"నాకు తెలవదా?" రాయి దొర్లిపోయింది. "నే దొంగనని నువ్వు పైకెక్కి చెప్తుంటే నే కింద నిలబడి వినాలి. పద్దెనిమిది పంటలు మూతి పట్టినోణ్ణి. ఆ మాటేదో నేనే అనుకుంటే పోలా?"

లోపల్నించి బంట్రోతు కేక వినిపించింది. "కొమ్ము యేసుపాదం... కొమ్ము యేసుపాదం..." యేసుపాదం చెప్పులు మెట్టు మీద వదిలి లేచాడు. మాబు సాహెబ్ అతని వెనకే లోపలికి నడిచాడు.

కోర్టు హాల్లో జడ్జిగారు ముప్పయి దాటని ఆవిడ. కేసు సరుకు తెమ్మంటే ఇద్దరు కలిసి టిక్కీని ఈడ్చుకొచ్చారు. రెండోది ఎప్పుడో ఎలకల పాలైందని బంట్రోతు చెప్పాడు. దీనికీ అడుగున చిల్లి పడితే, రాలిపోకుండా ఇంకో ఖాళీ గోతాంలోకి దింపారు. పై గోతాం మూతి తెరిచే ఉంది. లోపలి టిక్కీ మూతి మీద కుట్లు కనిపిస్తున్నాయి. మూడేళ్ళకి కాయ ఎరుపు పోయి తెల్లబడింది గాని, ఘాటు పోలేదు. ముందు వరసలో ప్లీడర్లు తుమ్మారు. జడ్జిగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. బెంచీ మీద యలమందయ్య తువాలు తీశాడు. తుమ్మనివాడు యేసుపాదం ఒక్కడే. ఆ ఘాటుకి అతని మొహం తేటపడింది.

"నేరం ఒప్పుకుంటానంటున్నావట," అన్నారు జడ్జిగారు. "ఎవరైనా బెదిరించారా?"

"లేదండి."

"ఒప్పుకుంటే శిక్ష పడుతుందని తెలుసా?"

"తెలుసండి."

"అయితే ఈ రెండు టిక్కీలు నువ్వే దొంగిలించావు. అంతేనా?"

యేసుపాదం రెండు చేతులూ బోను కర్ర మీద పెట్టాడు. పిడికిళ్ళు బిగిశాయి. గోతాం మూతి పట్టినట్టే పట్టాడు దాన్ని. మాబు సాహెబ్ వెనక వరసలో నిలబడి ఆ పిడికిళ్ళనే చూస్తున్నాడు. బిగువు అందింది. ఇక ఆ మాటే వస్తుంది.

"ఊఁ అనమాకురా."

హాలంతా వెనక్కి తిరిగింది. బంట్రోతు వచ్చి మాబు సాహెబ్ జబ్బ పట్టుకున్నాడు.

"ఎవరది?"

"షేక్ మాబు సాహెబ్ నండి. సాక్షిని. ఆ టిక్కీ వాడు తియ్యలేదండి. వాణ్ణి జీపెక్కించినాక అది నేను కుట్టానండి. యలమందయ్యగారి చావిట్లో."

బోనెక్కించి ప్రమాణం చేయించారు. ప్రభుత్వ ప్లీడరు పంచనామా కాగితం అతని మొహం ముందు పెట్టాడు. "ఈ సంతకం నీదా, కాదా?"

"నాదేనండి. సంతకం చూడకుండా పెట్టా. కుట్టు మాత్రం చూసే వేశా."

"ముద్దాయితో మాట్లాడుకుని వచ్చాడు మేడమ్," అన్నాడు ప్లీడరు. "ఇందాక మెట్ల మీద ఇద్దరూ కలిసే కూర్చున్నారు."

జడ్జిగారు మాబు సాహెబ్ వైపు తిరిగారు. "అది నువ్వే కుట్టావనీ, ఇతన్ని తీసుకెళ్ళాకే కుట్టావనీ ఎలా తెలుస్తుంది?"

"కుట్టు చూడండమ్మా. ఒకటి జానెడు, ఒకటి బెత్తెడు. పైకీ కిందకీ పోయింది. మోకాలితో అదిమి ఒంటరిగా కుడితే అట్టా పడుద్ది. ఆ కళ్ళంలో ముందు రోజు దాకా కుట్టినవన్నీ ఇద్దరం కుట్టినయ్యే. యేసుపాదం ఉన్నన్నాళ్ళూ నేను ఒంటరిగా కుట్టింది లేదండి."

ప్లీడరు ఏదో అనబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపారు. పై గోతాం తెరిచిన మూతి చూసి, "కుట్టి చూపించగలవా?" అన్నారు.

"ఎటూ కుట్టాల్సిందే మేడమ్," అన్నాడు బంట్రోతు. "మోస్తుంటే గదంతా కారమే."

మాబు సాహెబ్ బోను దిగి, కాలరు నుంచి దబ్బనం తీశాడు. గుమ్మం దగ్గర కానిస్టేబుల్ ఒక అడుగు ముందుకు వేసి, ఆగిపోయాడు. మాబు సాహెబ్ మూతి మీద మోకాలు వేసి నాలుగు కుట్లు వేశాడు. జానెడు, బెత్తెడు, పైకీ, కిందకీ. లోపలి కుట్టు, పై కుట్టు ఒకే చేతి రాతలా ఉన్నాయి. జడ్జిగారు కుర్చీలోంచి లేచి బల్ల మీదుగా వంగి చూశారు.

"ఇద్దరు కుడితే ఎలా ఉంటుందో అదీ చూపించు."

"మూతి పట్టేవాడు కావాలండి," అంటూ మాబు సాహెబ్ పై గోతాం కుట్లు విప్పాడు.

బంట్రోతు వచ్చి పట్టుకున్నాడు. కొస లాగగానే చేతిలోంచి జారింది. రెండోసారీ అంతే. ఎవరో నవ్వు ఆపుకున్నారు. జడ్జిగారు బోను వైపు చూశారు.

"నువ్వు దిగు."

యేసుపాదం దిగాడు. గోతాం ముందు మోకాళ్ళ మీద కూర్చుని రెండంచులూ కలిపాడు. లోపలికి మడిచాడు. అతని మొహంలో సంతోషమేమీ లేదు.

"ఇయ్యాల్టితో అయిపోయేదిరా," అన్నాడు గొంతు తగ్గించి. "మళ్ళీ ఎన్ని వాయిదాలో. రేపు నువ్వూ ముద్దాయివే. సంతకం నీదని ఒప్పుకున్నావు."

"తెలుసు."

"కళ్ళంలోకి రానివ్వరు."

"తెలుసురా. పట్టు."

"మాటలాపండి అక్కడ," అన్నాడు ప్లీడరు. బెంచీ మీద యలమందయ్య తువాలు ముక్కు మీంచి తియ్యలేదు. గోతాం కేసి కాదు, తలుపు కేసి చూస్తున్నాడు.

మాబు సాహెబ్ దబ్బనం గుచ్చాడు. మొన అవతలికి వచ్చింది. కొస చేతికి చుట్టుకుని, తల వంచుకుని, ఆగాడు. జడ్జిగారు ఎందుకాగాడని అడగబోయి ఊరుకున్నారు.

"ఊఁ," అన్నాడు యేసుపాదం.

మాబు సాహెబ్ లాగాడు.